కుదురు మీద కుండ

2025 ఉగాది నాడు సాయంత్రం నాయన బెంగళూరుకు ఫోన్ చేశాడు. బాగున్నావా అని కూడా అడక్కుండానే, "పాపా, మన చుట్టం మళ్లీ వచ్చినాడంట" అన్నాడు. ఏ చుట్టమో నాకు తట్టలేదు. ఊళ్లో గుడి దగ్గర పంచాంగం చదివారట. మేషరాశి వాళ్లకు ఏలినాటి శని మొదలైందని అయ్యవారు చెప్పారట. నాయనది అశ్విని నక్షత్రం, మేషరాశి. కానీ ఆయన గొంతులో భయం లేదు. ఎన్నో ఏళ్ల కింద పరిచయమైన మనిషి మళ్లీ ఊళ్లోకి వచ్చాడని చెబుతున్నట్టుగా ఉంది.

"అప్పుడే ముప్పై ఏండ్లయిందా నాయనా?" అన్నాను.

"లెక్క నువ్వే చూసుకో" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక వంటింట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అట్లాగే నిలబడిపోయాను. ఆ రోజంతా వరసగా కళ్ల ముందుకొచ్చింది. 1999 డిసెంబరు, రెండో శనివారం. అప్పుడు నాకు పదకొండేళ్లు, నాయనకు నలభై రెండు.

మాది కుప్పం దగ్గర పల్లె. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటు కాబట్టి మా ఇళ్లల్లో తెలుగు, సంతలో తమిళం, పెళ్లిళ్లలో కన్నడం కలగలిసి వినపడతాయి. మాకు రెండెకరాల మల్బరీ తోట, ఒక ఎకరా చెనిక్కాయల చేను ఉండేవి. తోట పక్కనే పట్టుపురుగుల షెడ్డు. 1996 నుంచి మాకు అన్నీ ఎదురు తిరగడం మొదలైంది. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. అప్పు చేసి వేసిన మూడో బోరులో ఒకటిన్నర ఇంచి నీళ్లు పడ్డాయి. ఆ మరుసటి చలికాలం పురుగులకు సున్నపుకట్టు రోగం వచ్చింది. గూళ్లు కట్టడానికి చంద్రికల మీదికి ఎక్కించాల్సిన పురుగులన్నీ సుద్దముక్కల్లాగా తెల్లగా గట్టిపడిపోయాయి. అమ్మ వాటిని చేటల్లో ఎత్తి బయటికి తీసుకుపోవడం నాకు బాగా గుర్తు. ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చేటలు మోసింది, అంతే.

అవ్వ పోయి నాయన జాతకం చూపించుకొచ్చింది. ఏలినాటి శని, అందులోనూ నడిమి భాగం, జన్మశని అన్నారు. అప్పటి నుంచి నాయన శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాడు. సాయంత్రం గుడికి పోయి నువ్వుల నూనె దీపం పెట్టి, నవగ్రహాల చుట్టూ తిరిగి వచ్చేవాడు. నమ్మి చేసేవాడా, అవ్వ కోసం చేసేవాడా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పుడు ఆ ప్రశ్న నాకంత ముఖ్యంగా అనిపించదు. దీపం పెట్టేటప్పుడు ఒత్తి నిటారుగా నిలబడేదాకా వదిలిపెట్టేవాడు కాదు. అది చూశాను, చాలు.

ఆ రోజుల్లో మోటార్లకు కరెంటు ఎక్కువగా రాత్రిపూట ఇచ్చేవాళ్లు. ఒక వారం పదింటికి, ఒక వారం రెండింటికి. నాయన రాత్రంతా తోటలో మడవలు కట్టేవాడు. చేతికి వాచీ ఉండేది కాదు. ఆకాశమే గడియారం. డిసెంబరు నెలలో గొల్లకావడి, అంటే వరసగా ఉండే మూడు చుక్కలు, నడినెత్తికి వస్తే నడిరేయి, పడమటికి వాలితే తెల్లవారుజాము. నెల మారితే అదే గొల్లకావడి రెండు గంటలు ముందుగా నడినెత్తికి వస్తుందని నాకు నాయనే చెప్పాడు. పిల్లలకోడి (కృత్తికలు) ఎప్పుడూ కావడి కంటే ముందు నడుస్తుందనీ, తెల్లారే ముందు ఉత్తరాన మంచంకోళ్లు (సప్తర్షులు) పైకొస్తాయనీ చెప్పాడు. బడి సెలవుల్లో నేనూ వెంటపోయేదాన్ని. గట్టు మీద గోనెసంచి పరుచుకుని పడుకుంటే, చీకట్లో నీళ్లు మడిలోకి పారే చప్పుడు, దూరంగా నాయన పార చప్పుడు వినపడేవి. "పాపా, కావడి యాడికొచ్చిందో చూసి చెప్పు" అని మల్బరీ చెట్ల మధ్య నుంచి అరిచేవాడు. నేను టైము చెప్పేదాన్ని. ఆ పని నాకు ఇచ్చినందుకు ఎంత గొప్పగా ఉండేదో.

ఆ ఏడాది ఆగస్టు 11న సూర్యగ్రహణం వచ్చింది. మరుసటి రోజు మా సైన్సు సారు గ్రహణం గురించి చెబుతూ చెబుతూ, మనకు దగ్గర్లోనే తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు అనే ఊళ్లో పెద్ద టెలిస్కోపు ఉందనీ, శనివారాలు జనాన్ని రానిచ్చి, మబ్బు లేకపోతే చిన్న టెలిస్కోపులో గ్రహాలు చూపిస్తారనీ అన్నారు. శనిగ్రహం చుట్టూ ఉండే వలయం కూడా కళ్లారా కనిపిస్తుందన్నారు.

ఇంటికొచ్చి అన్నం తింటూ ఆ మాట చెప్పాను. అవ్వ ముద్ద చేతిలోనే ఆపేసింది. "ఆయన చూపు మన మీద పడకుండా ఉంటే చాలని మొక్కుకుంటా ఉంటే, మనమే కొండెక్కి పోయి ఆయన్ని చూస్తామా?" అంది. అమ్మ నా వైపు కళ్లెర్రజేసింది. నాయన మాత్రం ఏమీ అనలేదు. నేనూ మరిచిపోయాను.

మూడు నెలలు దాటాక, ఒక శుక్రవారం రాత్రి, షెడ్డులో పురుగులకు ఆకు వేస్తూ ఆయనే అడిగాడు. "రేపు నీకు బడి లేదు గదా?"

పొద్దున్నే చీకటితో సైకిల్ మీద కుప్పం స్టేషన్‌కు పోయాం. సైకిల్ స్టాండులో పెట్టి జోలార్‌పేట వైపు పాసింజరు ఎక్కాం. అమ్మ ముత్తుగాకుల్లో చిత్రాన్నం, చెనిక్కాయల చట్నీ కట్టిచ్చింది. నాయన సంచిలో అవి కాక ఒక చిన్న సీసాలో నువ్వుల నూనె, రెండు మట్టి ప్రమిదలు, ఒత్తులు, అగ్గిపెట్టె ఉన్నాయి. శనివారం కదా. యాడున్నా దీపం పెట్టాల్సిందే.

మల్లానూరు దాటితే తమిళనాడు. అక్కడి నుంచి రైలు కొండల మధ్య దిగుతూ పోతుంది. పచ్చూరు, సోమనాయకన్‌పట్టి. చలికి కిటికీ రేకు దింపమన్నారు ఎవరో. నేను వేళ్లు సందులో పెట్టి కొంచెం ఎత్తి చూస్తూనే ఉన్నాను. జోలార్‌పేటలో దిగేసరికి ఎదురుగా ఏలగిరి కొండ, పైభాగమంతా మంచు.

కొండ పైకి బస్సులో పోయాం. పద్నాలుగు పిన్ను మలుపులు. వాటికి తమిళ కవుల పేర్లు, పాతకాలపు దాతల పేర్లు పెట్టారు. కొండ సుమారు 1100 మీటర్ల ఎత్తు. ఊటీ, కొడైకెనాల్ లాంటి హంగు లేదు. పల్లెలు, చేన్లు, పనస చెట్లు. నాయనకు అదే నచ్చింది. బస్సు దిగగానే గుప్పెడు మట్టి తీసి నలిపి, "ఎర్రమన్నే, కానీ మెత్తగా ఉండాది" అన్నాడు.

ముందు ప్రభుత్వ పండ్ల తోటకు పోయాం. నేను తోట అంటే గులాబీలు, నీళ్లు చిమ్మే బొమ్మలు ఉంటాయని అనుకున్నాను. అక్కడేమో వరసలుగా చెట్లు. సపోటా, జామ, పనస. నాకు కాసేపట్లోనే విసుగొచ్చింది. నాయన మాత్రం గుళ్లోకి వచ్చినట్టు చెప్పులు చప్పుడు కాకుండా నడిచాడు. ఒక చెట్టు దగ్గర ఆగి, మొదలు పట్టుకుని, అంటు కట్టిన చోటు వేలితో తడిమాడు. అక్కడ పనిచేసే ముసలాయన వచ్చి పలకరించాడు. ఇద్దరూ తమిళంలో గంటసేపు మాట్లాడుకున్నారు. సపోటా అంటును పాలచెట్టు మొక్క మీద ఎట్లా కడతారు, ఎన్నాళ్లకు అతుక్కుంటుంది, నీళ్లు తక్కువున్న చోట మొదట్లో ఎట్లా నిలబెట్టుకోవాలి. ఆ ముసలాయన కొడవలితో మన్ను గీరి వేళ్లు చూపించాడు. మా ఇంట్లో అప్పులవాళ్లు వచ్చినప్పుడు తలొంచుకుని కూర్చునే నాయనేనా ఈయన అనిపించింది నాకు. అడగాల్సినవి అడుగుతూ, తెలిసింది చెబుతూ, నవ్వుతూ ఉన్నాడు. చివరికి ఒక సపోటా అంటు మొక్క కొన్నాడు. డబ్బులు లెక్కపెట్టుకుని, మళ్లీ లెక్కపెట్టుకుని ఇచ్చాడు. వేళ్ల దగ్గర తడి గోనెపట్ట చుట్టి కట్టారు. ఇక ఆ రోజంతా ఆ మొక్క మాతోపాటే తిరిగింది.

అక్కడి చెరువు పేరు కూడా పుంగనూరే. మన పుంగనూరు పేరు ఇక్కడికెట్లా వచ్చిందని నాయన ఆశ్చర్యపోయాడు. పడవ ఎక్కుతానని అడిగాను. టికెట్టు ధర చూసి, "ముందు జలపాతం చూద్దాం పా" అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

నిలావూరు అనే పల్లె నుంచి కొండ అవతలి వైపు దిగితే జలగంపారై జలపాతం. పారై అంటే తమిళంలో బండ. దారి చూపించడానికి ఎవరూ దొరకలేదు. కట్టెలు మోసుకొచ్చే ఆడవాళ్లను అడుగుతూ అడుగుతూ దిగాం. రెండు గంటలకు పైగానే పట్టింది. రాళ్ల మధ్య ఎండుటాకులు, వెదురు పొదలు, యాడనో ఒకచోట నక్కి ఉన్న వాగు చప్పుడు. ఒకచోట నేను జారి మోకాలు కొట్టుకుపోయింది. నాయన కిందికొచ్చి, మొక్కను జాగ్రత్తగా ఒక రాతికి ఆనించి పెట్టి, ఏదో ఆకు నలిపి దెబ్బ మీద పిండాడు. భగ్గుమని మండింది. "ఇంగ కొంచెమే" అన్నాడు. ఆ 'ఇంగ కొంచెమే' అని దారిలో పది సార్లన్నా అని ఉంటాడు.

నీళ్ల చప్పుడు ముందు వినపడింది. తర్వాత చల్లటి గాలి మొహాన కొట్టింది. ఆ తర్వాత చెట్ల సందులోంచి తెల్లగా జలపాతం. వానాకాలం అప్పుడే వెళ్తోంది కాబట్టి నిండుగా పడుతోంది. పెద్ద పెద్ద జలపాతాలు నేను ఆ తర్వాత చాలా చూశాను. కానీ ఒకటిన్నర ఇంచి నీళ్ల కోసం రాత్రుళ్లు మేలుకునే ఇంటి నుంచి పోయిన పిల్లకు, నీళ్లు ఎవరికీ పట్టనట్టు అట్లా పడిపోతూనే ఉండటం ఎంత వింతో మాటల్లో చెప్పలేను. నాయన కూడా అదే చూస్తున్నాడని తెలుసు. చాలాసేపు నిలబడి, "ఎన్ని ఇంచీలుంటాయి పాపా ఇవి?" అన్నాడు. నేను లెక్క కట్టడానికి నిజంగానే ప్రయత్నించాను.

పక్కనే మురుగన్ గుడి. నాయన నీళ్లలో తలారా స్నానం చేసి, తడి పంచెతోనే వచ్చి ప్రమిదల్లో నూనె పోశాడు. గాలికి దీపం రెండుసార్లు ఆరిపోయింది. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను, మూడోసారి నిలబడింది. "ఇది శనీశ్వరుడి గుడి కాదు గదా నాయనా?" అని అడిగితే, "చెప్పేవాడు చెప్తాడులే ఆయనకు" అన్నాడు. ఆ బండ మీదే కూర్చుని ముత్తుగాకులు విప్పాం. పొద్దుటి నుంచి ఆయన తిన్న మొదటి ముద్ద అదే. తన వంతులో సగం నా ఆకులోకి తోశాడు.

తిరుపత్తూరులో బస్సు మారేసరికి మబ్బు పట్టింది. ఆలంగాయం చేరేసరికి ఇంకా దట్టమైంది. నాకు టెన్షన్ మొదలైంది. ఇంత దూరం వచ్చి ఏమీ కనిపించకపోతే? బస్సు కిటికీలోంచి మెడ బయటపెట్టి చూస్తుంటే నాయన వెనక్కి లాగి కూర్చోబెట్టాడు. "గాలి వడమటి నుంచి తిరిగింది. చీకటి పడేటప్పటికి విడిపోతాది" అన్నాడు. నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నాడనుకున్నాను.

కావలూరులో దిగేటప్పటికి పొద్దు కుంకింది. గేటు నుంచి లోపలికి అడవి మధ్యలో దారి. టార్చిలైటు వేయొద్దని ముందే చెప్పారు. వెలుతురు పైకి పోతే పరిశీలనకు అడ్డమట. నాయన టార్చి సంచిలో పెట్టేశాడు. చీకట్లో నడవడం ఆయనకు కొత్తా ఏం. కుడిచేత్తో నన్ను, ఎడమ చేత్తో మొక్కను పట్టుకుని నడిచాడు. చెట్ల పైనుంచి పెద్ద తెల్లటి గుమ్మటం కనిపించింది. లోపలికి పోయి పెద్ద టెలిస్కోపును చూసే వేళ దాటిపోయిందన్నారు. బయటి నుంచే చూశాం.

ఆ టెలిస్కోపు సంగతులు నేను పెద్దయ్యాక చదువుకున్నాను. దాని అద్దం 2.34 మీటర్ల వెడల్పు. ఆ టెలిస్కోపును మన దేశంలోనే తయారుచేశారు. ఈ చోటును ఎంచుకుని ఈ అబ్జర్వేటరీని నిలబెట్టిన శాస్త్రవేత్త వేణు బప్పు. 1960లలో ఒక చిన్న 38 సెంటీమీటర్ల టెలిస్కోపుతో ఇక్కడ పని మొదలైంది. 1977లో యురేనస్‌కు కూడా వలయాలున్నాయని బయటపడినప్పుడు, ఆ గ్రహాన్ని ఇక్కడి నుంచి కూడా పరిశీలించారు. పెద్ద టెలిస్కోపు పూర్తి కాకముందే, 1982లో, 55 ఏళ్లకే ఆయన పోయారు. 1986 జనవరిలో దాన్ని ప్రారంభించి ఆయన పేరే పెట్టారు. నన్ను ఎక్కువ కదిలించింది వేరే విషయం. వేణు బప్పు నాన్నగారు హైదరాబాదులో నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. ఆ పిల్లవాడు నాన్న పనిచేసే చోట టెలిస్కోపుల మధ్య ఆకాశం చూడటం నేర్చుకున్నాడు. అది చదివిన రోజు మా మల్బరీ తోట గట్టు, గోనెసంచి గుర్తొచ్చాయి.

జనం కోసం బయట పెట్టిన టెలిస్కోపు చిన్నది, ఆరంగుళాలది. మాతోపాటు వాణియంబాడి నుంచి వ్యానులో వచ్చిన బడిపిల్లలు ఇరవై మంది దాకా ఉన్నారు. మబ్బులు ఇంకా ఉన్నాయి. అరగంట కూర్చున్నాం. చలికి నా పళ్లు టకటకలాడుతుంటే నాయన తన తువ్వాలు నా తలకు చుట్టాడు. అప్పుడు పడమటి నుంచి మొదలై, దుప్పటి లాగినట్టు, ఆకాశం విచ్చుకుంది. చవితి చంద్రవంక బయటపడింది. దాని పైన చుక్కలు. మా ఊళ్లోనూ చుక్కలు బాగానే కనపడతాయి. కానీ ఇన్ని కాదు. పిల్లలు ఒక్కసారిగా అరిచారు. నాయన ఏమీ అనలేదు. నా భుజం మీద వేసిన చెయ్యి కొంచెం బిగిసింది.

టెలిస్కోపు చూపించే ఆయన ముందు చంద్రుణ్ణి చూపించారు. తర్వాత గురుగ్రహం, పక్కన వరసగా నాలుగు చిన్న చుక్కలు, ఆయన చందమామలు. తర్వాత టెలిస్కోపు కొంచెం తిప్పి, "శని" అన్నారు.

నా వంతు వచ్చింది. మొదట ఏమీ కనపడలేదు, నా కనురెప్పలే కనపడ్డాయి. తర్వాత కుదిరింది. నల్లటి నలుపులో పసుపుపచ్చగా, చాలా చిన్నగా, చుట్టూ వలయంతో శని. ఎవరో కాగితం మీద గీసి అక్కడ అతికించారేమో అనిపించింది. ఆ రోజుల్లో వలయం మనవైపు బాగా వాలి, విశాలంగా కనపడేదట. అదే వలయం 2025 మార్చిలో సరిగ్గా అంచు మనవైపు తిరిగి దాదాపు కనపడకుండా పోయింది. నాయన ఫోన్ చేసింది ఆ నెలలోనే.

నా తర్వాత నాయన. చెప్పులు విప్పాడు. ఎవరూ విప్పమనలేదు. మొక్క ఇంకా చంకలోనే ఉంది. "అది కింద పెట్టండి అయ్యా" అని వాళ్లంటే నాకిచ్చాడు. వంగి, ఒక కన్ను మూసి, చూశాడు. వెనక పిల్లలు గునుస్తున్నారు. ఆయన కదల్లేదు. చివరికి తల ఎత్తి నా వైపు తిరిగి, "కుదురు మీద పెట్టిన కుండ మాదిరి ఉండాడు పాపా" అన్నాడు. గొంతు వణికింది. చలికేమో.

టెలిస్కోపు చూపించే ఆయన ఏవేవో వివరాలు చెబుతున్నారు. శని నుంచి వెలుగు మన దాకా రావడానికి గంటకు పైనే పడుతుందని. "అంటే మనం బస్సు దిగి నడుస్తా ఉన్నప్పుడు బయల్దేరిన వెలుగు" అన్నాడు నాయన నా చెవిలో. శని సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి సుమారు 29 ఏళ్ల ఐదు నెలలు పడుతుందన్నారు. నాయన ఆ మాట దగ్గర ఆగిపోయాడు. వేళ్లు మడుస్తూ లెక్క కట్టడం చీకట్లో కూడా నాకు తెలిసింది. "పన్నెండు రాశులకు ముప్పై ఏండ్లంటే, ఒక్కోదాంట్లో రెండున్నరేండ్లు. ముందుది, మనది, తర్వాతది. మూడు కలిస్తే ఏడున్నర." కాసేపాగి మళ్లీ అన్నాడు. "అయితే ఆయన మన మీద పగబట్టి రాలేదు పాపా. ఆయన దారిన ఆయన పోతా ఉండాడు."

తర్వాత నాయన నేను అనుకోని పని చేశాడు. తమిళంలో ఆయన్ను అడిగాడు, "అయ్యా, అదిగో ఆ మూడు చుక్కలుండాయే, వాటి కింద ఇంకో వరస. దాంట్లో నడిమిది చుక్క మాదిరి ఉండదు. పొగ మాదిరి మసగ్గా ఉంటాది. ఎన్నో ఏండ్ల నుంచి చూస్తా ఉండా. అదేంది?"

టెలిస్కోపు ఆయన చెయ్యి ఆగిపోయింది. "మీరు ఎక్కడ చూశారు?" అని అడిగారు.

"మా తోటలో. రాత్రిపూట నీళ్లు కట్టేటప్పుడు."

అప్పటికి గొల్లకావడి తూర్పున బాగా పైకొచ్చింది. ఆయన ఇంకేమీ మాట్లాడకుండా టెలిస్కోపును అటు తిప్పి, సరిచేసి, పిల్లలందరి కంటే ముందు నాయన్ను రమ్మన్నారు. అది నీహారిక అనీ, అక్కడ వాయువూ ధూళీ కలిసి కొత్త నక్షత్రాలు పుడుతున్నాయనీ చెప్పారు. నాయన చూశాడు. నేనూ చూశాను. బూడిద రంగు పొగ, మధ్యలో సూదిమొనల్లాంటి చుక్కలు. వలయమంత అందంగా ఏమీ లేదు. కానీ నాయన ఒక ప్రశ్న అడిగితే చదువుకున్న మనిషి పని ఆపి జవాబు చూపించాడు. అందుకే నాకు ఆ పొగే ఎక్కువ గుర్తుండిపోయింది. పోయేటప్పుడు ఆయన నాయన చెయ్యి పట్టుకుని, "మీ కళ్లు మంచి కళ్లు" అన్నారు.

తిరిగి పోవడానికి బస్సు లేదు. ఆ సంగతి నాయనకు ముందే తెలుసనుకుంటా, అక్కడే యాడో పడుకుని పొద్దున పోవచ్చని అనుకున్నాడు. బడిపిల్లల వ్యానులో సారు మమ్మల్ని ఎక్కించుకున్నారు. వాణియంబాడిలో దింపారు. రంజాను నెల అది. అర్ధరాత్రి దాటినా టీ అంగళ్లు తెరిచే ఉన్నాయి. ఒక అంగట్లో బన్ను, వేడి టీ ఇప్పించాడు నాయన. ఒక్కపొద్దు కాబట్టి తాను టీ మాత్రమే తాగాడు. తెల్లవారుజామున వచ్చిన బెంగళూరు రైల్లో నిలబడే చోటు కూడా లేదు. తలుపు దగ్గర ఆయన కాళ్ల మీద కూర్చుని నిద్రపోయాను.

కుప్పంలో దిగి సైకిల్ తీసుకున్నాం. నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నాడు, మొక్కను క్యారియరు మీద కట్టాడు. ఊరి దారిలో ఎదురుగా తూర్పున వేగుచుక్క పెద్దగా వెలుగుతోంది. గొల్లకావడి పడమటికి వాలిపోయింది. "టైమెంత పాపా?" అన్నాడు. "నాలుగున్నర" అన్నాను. ఆ వారం రెండింటికి కరెంటు. నన్ను ఇంటి ముందు దింపి, లోపలికి కూడా రాకుండా, గోడకు ఆనించిన పార తీసుకుని తోటకు పోయాడు. పోతూ పోతూ మొక్కను కూడా తీసుకుపోయాడు. బోరు పక్కన కాలవ గట్టున అది ఇప్పటికీ ఉంది. మా పిల్లలు వేసవి సెలవుల్లో దాని కిందే ఆడుకున్నారు.

ఆ తర్వాత వారమే మా కష్టాలు తీరిపోయాయని చెప్పను. తీరలేదు. అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. అవ్వ నాయనతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాతి శనివారం నాయన ఎప్పటిలాగే ఒక్కపొద్దు ఉన్నాడు. సాయంత్రం గుడికి పోతూ అవ్వనూ నన్నూ కూడా తీసుకుపోయాడు. దీపం పెట్టాడు. తొమ్మిది చుట్లు తిరిగాడు. బయటికొచ్చి మెట్ల మీద నిలబడి కాసేపు పైకి వెతికాడు. పిల్లలకోడికి కొంచెం పడమరగా, మిణుకుమనకుండా నిలకడగా వెలిగే పసుపు చుక్క ఒకటుంది.

"అమ్మా, అదిగో. ఆయనే" అన్నాడు.

అవ్వ ముందు కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. తర్వాత కొంగు కొంచెం పక్కకు జరిపి చూసింది.

"అంత చిన్నగా ఉండాడే" అంది.